గొట్టం మీద రెండు దెబ్బలు

ఠంగ్... ఠంగ్.

నీళ్ళ గొట్టం మీద రెండు దెబ్బలు పడగానే ముసెంబి చేతిలో రంపం ఆగిపోయింది.

"వచ్చేశాయి సమన్లు!" వంటింట్లోంచి భార్య కలోండు నవ్వింది.

"మెల్లిగా నవ్వవే. కిందాయన ఒక్క మాట కంప్లయింటు చేశాడంటే నా బల్ల వీధిలో ఉంటుంది."

నైరోబీలో ఆ మేడ నాలుగో అంతస్తులో, బట్టలారేసుకునే బాల్కనీయే ముసెంబి వర్క్‌షాపు. మనిషి అడ్డంగా పడుకుంటే కాళ్ళు బయటికొస్తాయి. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి దిగిపోయాక వడ్రంగం మీద మనసు పడింది. పాత తలుపుతో బల్ల చేసుకున్నాడు. చప్పుడు కిందకి పోకుండా దాని కాళ్ళ కింద బస్సు టైరు ముక్కలు పెట్టాడు. పొట్టు పక్కింటివాళ్ళ దుప్పట్ల మీద పడకుండా పట్టా కట్టాడు.

కేర్‌టేకర్ న్జగి వచ్చి అంతా చూశాడు.

"బాగానే ఉంది బాబాయ్. కానీ ఒక్క కంప్లయింటు వచ్చిందా, బల్ల తీసెయ్యాల్సిందే."

బల్ల పోతే స్టూలు పోయినట్టే.

ఆ స్టూలు కలోండు కోసం. తెల్లారకముందే గేటు దగ్గర నిలబడి అమ్మకానికి చపాతీలు వత్తడం మొదలుపెడితే మధ్యాహ్నానికి ఆవిడ మోకాళ్ళు బన్నుల్లా ఉబ్బుతాయి. బజారులో దొరికే ప్లాస్టిక్ స్టూళ్ళు ఆవిడ బల్ల ఎత్తుకి సరిపోవు. కూర్చుని వత్తుకునేంత ఎత్తులో ఒకటి తన చేత్తో చేసివ్వాలని ముసెంబి పంతం.

"నేను పోయాక దాని మీద నా ఫొటో పెడతావు కాబోలు," అనేది కలోండు.

"పెడతాను. కదలకుండా నిలబడే స్టూలు మీద పెడతాను."

కింది ఇంట్లోకి ఒబురా అనే పెద్దాయన, ఆయన కూతురు అవినో రెండు నెలల క్రితం దిగారు. పెద్దాయన మంచం దిగడట. ఆయన్ని ఎవరూ చూడలేదు. వినిపించేది ఆ రెండు దెబ్బలే.

దెబ్బలు పడితే ముసెంబి పని ఆపేసేవాడు. పెద్దాయన మళ్ళీ నిద్రపోయేదాకా అని కాసేపు ఊరికే కూర్చునేవాడు. ఊరికే కూర్చుంటే ఏం చేస్తాడు, చేతిలో చెక్కనే చూసుకునేవాడు. చూస్తే రంపం గీత దాటి పక్కకి పోయి ఉండేది.

"ఈ ముసలాయన గోలకి చెయ్యి వణికి గీత తప్పుతోంది," అని గొణుక్కుంటూ సరిచేసి, మళ్ళీ మెల్లిగా కోసేవాడు.

స్టూలు మూడో కాలు కోస్తున్న రోజు గొట్టం మూడుసార్లు మోగింది. ముసెంబికి ఒళ్ళు మండింది. సుత్తి తీసుకుని అదే గొట్టాన్ని తనూ వాయించాడు.

ఠంగ్! ఠంగ్!

"అయ్యో, ఏం మనిషివయ్యా! మంచాన పడ్డ మనిషితోనా నీ పంతం?" కలోండు పరిగెత్తుకొచ్చింది.

కింద నుంచి మళ్ళీ చప్పుడు లేదు. ఆ రోజంతా న్జగి వస్తాడేమోనని ముసెంబి తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు. రాలేదు.

తర్వాతి వారం అసలు దెబ్బలే లేవు.

"జడిశాడు," అన్నాడు ముసెంబి. ఈల వేసుకుంటూ నాలుగో కాలు ఒక్క పూటలో కోసేశాడు.

స్టూలు బిగించి కలోండుని కూర్చోబెట్టాడు.

"ఎలా ఉంది?"

"నీ బస్సులాగే ఉంది డ్రైవర్ గారూ. ఓ పక్కకి ఒరుగుతోంది."

మూడు కాళ్ళు దిట్టంగా నిలబడ్డాయి. నాలుగోది వంకర.

ఆ సాయంత్రమే తెలిసింది, కింద పెద్దాయన పోయాడని.

పంచదార, టీపొడి, ఓ బుట్టెడు చపాతీలు పట్టుకుని ఇద్దరూ కిందకి దిగారు. అవినో తలుపు తీసింది. ముసెంబి తల ఎత్తలేకపోయాడు.

"అమ్మా, నన్ను క్షమించు. ఆఖరి రోజుల్లో మీ నాన్నగారిని నా రంపంతో ప్రశాంతంగా పడుకోనివ్వలేదు."

"అదేంటి బాబాయ్? మీ రంపం వినబడాలనే నాన్న మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నాడు."

"మరి గొట్టం మీద కొట్టేవారు కదా?"

అవినో మంచం మీద నుంచి ఓ చెక్క స్కేలు తీసింది. అంగుళాల గీతలు సగం చెరిగిపోయాయి. కొస నున్నగా అరిగిపోయింది.

"నాన్న వడ్రంగం బడిలో పంతులు. కళ్ళు పోయాక కూడా చెవులతోనే పాఠం చెప్పేవాడు. ఎవరి రంపం గీత తప్పినా దీంతో బల్ల మీద రెండు కొట్టేవాడు, ఆగి చూసుకోమని."

కలోండు మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఆఖరి వారం నాన్నకి చెయ్యి లేవలేదు. అయినా మీ కోతలు లెక్కపెడుతూనే ఉన్నాడు. 'నాలుగో కాలు పక్కకి పోతోంది, నా బదులు నువ్వు కొట్టవే' అని నన్ను బతిమాలాడు. మీరేమనుకుంటారో అని నేను కొట్టలేదు బాబాయ్."

ముసెంబి ఆ స్కేలు కొసని వేలితో తడిమాడు.

"నేనో పాపం చేశానమ్మా. ఓ రోజు కోపంతో తిరిగి నేనూ కొట్టాను."

"తెలుసు," కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది అవినో. "ఆ రోజంతా నాన్న ఒకటే మురిసిపోయాడు, 'విన్నావా, అలాగే మాస్టారూ అంటున్నాడు నా ఆఖరి శిష్యుడు' అని."