పేరు పెట్టి పిలిస్తే చాలు

ఇంటర్వ్యూ మొదలై చాలాసేపయింది. పెద్దాయన ఇంకా మంచి ఊపులోనే ఉన్నాడు.

ఆయనకు ఇంటర్వ్యూలు కొట్టినపిండి. అమ్మాయికి ఇదే మొదటిది. అరచేతుల చెమటను బల్ల కింద రుమాలుకు తుడుచుకుంటోంది.

మాట కంపైలర్ దగ్గరికి వచ్చింది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి దించేముందు కంపైలర్ తన సౌకర్యం కోసం ఒక మధ్యరూపం రాసుకుంటుంది. అందులో ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే చిన్న కోడ్ ముక్క, ఇంకోదాన్ని పిలవాలంటే 'కాల్' అనే ఇన్‌స్ట్రక్షన్ ఉండాలి. ఆ ఇన్‌స్ట్రక్షన్‌లో ఏం పెట్టాలన్నదే చర్చ.

చర్చ అంటే, పెద్దాయన చెప్పడం, అమ్మాయి వినడం.

"ఏముందమ్మా, పిలవాల్సిన ఫంక్షన్ పేరు రాసేస్తే సరి! పేరు పెట్టి పిలిస్తే పలక్క చస్తుందా?" తన జోకుకి తనే పగలబడి నవ్వాడు.

అమ్మాయి గొంతు సవరించుకుంది. "మరి ఏ ఫంక్షన్‌ను పిలవాలో ప్రోగ్రాము నడిచేదాకా తెలియకపోతేనో సార్? బటన్ నొక్కితే ఏం జరగాలో తర్వాత ఇంకెవరో చెప్తారనుకోండి. అప్పుడు ఏ పేరు రాస్తాం?"

"అలాంటి వంకర ప్రోగ్రాములు రాసేవాళ్ళకి నాలుగు తగిలించాలి!"

ఆ విధంగా ఆ సమస్య పరిష్కారమైపోయింది.

ఆమె లేచి బోర్డు మీద గీయబోయింది. "పేరు కాకుండా, ఫంక్షన్ రిఫరెన్సునే, అంటే అది ఎక్కడుందో చెప్పే ఆనవాలునే, ఒక విలువగా ఉంచుకుంటే? దాన్ని దాచుకోవచ్చు, ఇంకో ఫంక్షన్‌కి అందించొచ్చు. కాల్‌కి ఆ విలువ ఇస్తే..."

పెద్దాయన ఆమె చేతిలోని మార్కర్‌ను లాక్కున్నంత పనిచేశాడు. "ఇవన్నీ పుస్తకాల్లో బావుంటాయి తల్లీ. నువ్వు పుట్టకముందు నుంచీ కోడ్ రాస్తున్నా."

అమ్మాయి మొహం చిన్నబోయింది. అయినా పట్టు విడవలేదు. "ఒక్కసారి ఆలోచించండి సార్" అంది, దాదాపు బతిమాలుతున్నట్టు.

"ఆలోచించే వయసు దాటిపోయాను" అన్నాడు. అందులో మాత్రం అబద్ధం లేదు.

ఇక చాలన్నట్టు వాచీ చూసుకుని లేచాడు. ఆమె వాలకం చూసి జాలేసినట్టుంది. "కంగారుపడకు. మొదటిసారి ఎవరికైనా ఇంతే. రేపు కలిసి పనిచేసేటప్పుడు అన్నీ నేనే దగ్గరుండి నేర్పిస్తాగా!"

"థాంక్యూ సార్" అంది అమ్మాయి.

ఆయన ఈల వేసుకుంటూ బయటికి వెళ్ళగానే, ఆమె ఫోనెత్తి "ఈ ఉద్యోగానికి ఈయన వద్దండీ, తర్వాత వచ్చినవాళ్ళని లోపలికి పంపండి" అంది.