దౌలత్ బీ మిద్దె మీద

ఒక్క నిమిషం ఆగండి, వినండి!

గండికోట కింద పెన్న వరద దౌలత్ బీ మొగుణ్ణీ, మట్టిమిద్దెనీ తీసుకుపోయింది. మదరాసు నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లం ఆ మిద్దెను మళ్లీ కడుతున్నాం. మబ్బు పట్టింది. ఈ రాత్రే పైకప్పు మీద చవుడు మన్ను పరిచి దిమ్మిసకర్రతో గట్టిపడేలా కొట్టకపోతే ఆమె పిల్లలు తడిసిపోతారు. చేతులు బొబ్బలెక్కినా మావాళ్లు ఒక్కరూ ఆగలేదు, ఏం మనుషులో!

గంపల్లో మట్టి నింపుకోడానికి అందరం కిందికి దిగాం. పైన దిమ్మిస మోగుతూనే ఉంది.

“పైన ఎవరు?” అని మేస్త్రీ ఓబులేసును అడిగాను.

“ఎవురూ లేరప్పా. నిచ్చెన గూడా తీసి ఈడనే పెట్టినాం.”

“మా ఇంటాయన దెబ్బ అది,” అంది దౌలత్ బీ. “పని సగంలో ఇడిసే మనిషి కాదు.”

వాన ఇంకా మొదలవలేదు. మిద్దె అంచు మీంచి తడిసిన చెయ్యొకటి కిందికి దిగింది, వెనకే పైనుంచి ఓ మగ గొంతు.

“ఏమప్పా, నిద్దరపోతాండావా? మన్ను అందియ్యి!”

నిండు గంప నా చేతుల్లోనే ఉంది. మీరైతే అందిస్తారా?