చూసేవాళ్ళ బైనాక్యులర్స్

పక్షి ప్రేమికుల సంఘం అధ్యక్షులవారు మా దుకాణంలో ఏడో బైనాక్యులర్స్ కూడా బల్ల మీద పడేశారు.

"చిన్నది చూపించమంటే చీమ కన్నం చూపిస్తావేమయ్యా? చుట్టూ నలుపే!"

"కళ్ళజోడు ఉన్నవాళ్ళు కళ్ళకి ఆనించే ఈ రబ్బరు అంచుల్ని కిందికి తిప్పుకోవాలండీ. అప్పుడు మొత్తం కనిపిస్తుంది," అన్నాను.

"తాతకు దగ్గులు నేర్పకు! ఇరవై ఏళ్ళుగా ఇలాగే చూస్తున్నా. మూడొందల పన్నెండు పక్షుల్ని గుర్తుపట్టా. అదిగో, పుస్తకంలో రాసుంది!"

ఆ పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఆయన భార్యకూ కళ్ళజోడుంది. ఆవిడ బల్ల మీంచి ఒకటి తీసుకుని, అంచులు కిందికి తిప్పి, ఎదురుగా కరెంటు తీగ మీద వాలిన పక్షిని చూశారు.

ఆయన దాన్ని లాక్కున్నారు. అంచుల్ని పట్టుదలగా పైకి తిప్పి, కళ్ళజోడుకి ఆనించి చాలాసేపు చూశారు.

"డేగ!" అని ప్రకటించారు.

"అవునండీ," అంటూ ఆవిడ పుస్తకంలో రాశారు. తొంగి చూశాను. 'పావురం' అని ఉంది.

ఆయన విజయగర్వంతో వీధిలోకి నడిచాక, ఆవిడ ఆ బైనాక్యులర్స్ అంచుల్ని మళ్ళీ కిందికి తిప్పి నా చేతికిచ్చారు.

"ఇదే కట్టివ్వు బాబూ. మెడలో వేసుకునేది ఆయనే అయినా, చూసేది నేను."