పంకా కింద మనిషి

"తాడు గట్టిగా కట్టినావా, మావా?"

"మీ అత్తకి ముడేసి ముప్పయ్యేళ్లయినాది. ఇంకా ఊడలేదు" అన్నాడు జగన్నాధం, నవ్వకుండా.

ఆ నవ్వకపోవడమే అప్పలసూరికి గుచ్చుకుంది. హాస్యమాడితే అందరికన్నా ముందు తనే పడీపడీ నవ్వే మనిషి మామ. పడవ అంచున కూర్చుని వీపు మీద గాలి సిలిండరు సర్దుకుంటూ అతను మామ మొహంలోకి చూశాడు. ఏమీ దొరకలేదు.

భావనపాడు ఎదురుగా, సముద్రంలో లంగరేసిన ఖాళీ ఓడ వాళ్ల మీద గోడలా నిలబడి ఉంది. దాని అడుగున పట్టిన గుల్లలూ నాచూ గీకాలి, వెనక ఓడని తోసే పంకా రెక్కలు మెరిసేలా తోమాలి. అడుగు నున్నగా ఉంటే ఓడ సులువుగా జారుతుందని, నూనె తక్కువ తాగి పొగ తక్కువ కక్కుతుందని కాంట్రాక్టరు మోహనకృష్ణ ఎప్పుడూ చెబుతాడు. "అయితే మనం ఓడలకి గడ్డం గీసీవోళ్లం" అనేవాడు జగన్నాధం. ఇవాళ ఆ మాటా అనలేదు.

అప్పలసూరి నడుముకి తాడు, తాడు వెంట నీళ్లలోంచి పైకి మాట్లాడే ఫోను తీగ. రెండింటి కొసా మామ చేతిలోనే. ఒక్క లాగుడైతే అంతా బాగున్నట్టు. మూడైతే పైకి రమ్మని.

"మోహనకృష్ణ బాబు నిన్న ఫోన్ సేసినాడు" అన్నాడు జగన్నాధం.

అప్పలసూరి చెయ్యి ముసుగు మీద ఆగిపోయింది. "ఏటన్నాడు?"

"వచ్చే నెల్నుంచి తాడు కాడికి ఇంకో మనిసిని ఎడతాడట. నాకు సెవులు పనిసెయ్యవని, లాగుళ్ల లెక్క మరిసిపోతన్నానని ఎవుడో సెప్పినాడట."

"ఎవుడు మావా?"

"ఆ మాట నువ్వడుగుతన్నావా?" జగన్నాధం తాడు వైపే చూస్తున్నాడు. "దిగు. పొద్దెక్కిపోతన్నాది."

అప్పలసూరి దిగాడు.

వంశధార వరదకి నీళ్లు ఎర్రగా చిక్కబడి ఉన్నాయి. చాచిన చెయ్యి మణికట్టు దగ్గరే మాయమవుతోంది. తడుముకుంటూ గీకుతున్నాడు. మోహనకృష్ణతో తను అన్న నాలుగు మాటలు ఒడ్డున చిన్నవిగానే కనిపించాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మామ లాగుడు ఆలస్యమైతే బెదిరి అన్నాడు. ఇప్పుడు అవే మాటలు నీళ్లతో కలిసి ఒంటిని నలువైపులా నొక్కుతున్నాయి.

"మావా?"

"ఊఁ."

"ఇంజను కదపరు కదా?"

"మనిసి కింద ఉండగా కదపమని ఓడోళ్లు సంతకం సేసిన కాగితం నా జేబులోనే ఉన్నాది."

"ఇంకోపాలి ఆళ్లకి సెప్పు మావా."

"నాకు మతి లేదు కదరా అల్లుడూ. మరిసిపోతానేమో."

చెవిలో ఫోను గరగరమంటుంటే మళ్లీ గీకడం మొదలుపెట్టాడు.

గీకుడు ముగించి పంకా దగ్గరికి చేరాడు. ఒక్కో రెక్క తనకన్నా పొడుగు. అంచు కత్తిలా ఉంది. కిందికి దిగిన రెక్కని తోమడం మొదలుపెట్టాడు. తోముతున్న చేతికి తన గుండె చప్పుడే ఇనుములోంచి తిరిగి వినిపిస్తున్నట్టుంది.

కాదు. అది గుండె కాదు. ఓడ ఒళ్లంతా వణికింది. అరచేతి కింద రెక్క జానెడు జరిగి ఆగింది.

"మావా! పంకా కదిలినాది! మావా!"

తాడు ఒకసారి వదులైంది, మళ్లీ బిగిసింది. ఎంతసేపో తెలియదు. చివరికి గరగరలోంచి మామ గొంతు వినిపించింది, రొప్పుతూ. తనతో కాదు, ఇంకెవరితోనో.

"తిప్పండి బాబూ! తిప్పుకోండి. నాకేటి భయం? సూద్దాం."

నడుము దగ్గర తాడు కదిలింది. ఒకటి. రెండు. మూడు.

పైకి రమ్మని.

తాడు పట్టుకుని తడిమాడు. అది పడవ వైపు పోవడం లేదు. దారి మార్చి, సరిగ్గా రెండు రెక్కల సందులోంచి నిటారుగా పైకి పోతోంది. తాడు పట్టుకుని ఎక్కితే ఆ సందులోంచే ఎక్కాలి. అప్పుడు పంకా ఒక్క చుట్టు తిరిగితే చాలు.

ఎవరూ అనుమానించరు. పెళ్లాం తులసికి ఆ కబురు చెప్పేది ఆమె తండ్రే. ఏడుస్తూనే చెబుతాడు. ముసలాడు, లాగుళ్ల లెక్క తప్పాడంటారు. అందుకు సాక్ష్యం మోహనకృష్ణ దగ్గర ముందే ఉంది. ఆ సాక్ష్యం చెప్పింది తనే.

మళ్లీ మూడు లాగుళ్లు. ఈసారి గట్టిగా, కోపంగా.

గీకుడు కత్తితో తాడునీ తీగనీ కలిపి కోసేశాడు. పంకాకి వీపు తిప్పి, కాళ్లు తపతపా కొట్టుకుంటూ, ఎర్రటి చీకట్లో దిక్కు తెలియకుండా ఈదాడు. నీళ్లు పసుపుగా మారాయి, తెల్లబడ్డాయి. తల పైకి తేలింది. ముసుగు పీకేసి, నోటినిండా బూతు పట్టుకుని వెనక్కి తిరిగాడు.

పడవలో ఎవరూ లేరు.

ఎక్కడో ఎత్తున, ఓడ వెనక అంచు మీంచి నలుగురు వంగి, చేతులు ఊపుతూ, గొంతు చించుకుని ఎవరినో దిగమని అరుస్తున్నారు. సరుకు లేని ఓడ తేలిగ్గా తేలుతోంది. పంకా పైరెక్క నీళ్లలోంచి నడుమెత్తు బయటికి లేచి ఉంది.

తెగిన తాడు పిడికిట్లో పట్టుకుని, పంకా తిరిగితే ముందు తనే పోయేలా, దాన్ని రెండు చేతులా కావలించుకుని మామ కూర్చున్నాడు.