చిన్నోడు తప్ప ఎవ్వరూ

“మా చిన్నోడు తప్ప ఎవురొచ్చినా లోపలికి రానీకు పాపా!”

ఉలిగమ్మ నర్సు మల్లిక చెయ్యి గట్టిగా పట్టుకుంది.

హిందూపురంలో రైలెక్కిన ముసలామె ధర్మవరంలో దిగుతూ పడింది. ఎవరో తెచ్చి ఈ చిన్న ఆసుపత్రిలో చేర్చారు. తుంటి విరిగింది. ఆపైన నెమ్ము చేరింది.

“ఎందుకవ్వా అంత భయం?”

“పెద్దోని కొడుకులు పాపా. చేనుకు ఏలిముద్ర ఎయ్యమని గొంతు పిసికినారు. తలుపులలో పుట్టింటికి పారిపోతా ఈడ పడితి.”

తలుపుల! మల్లికదీ ఆ ఊరే.

ఆ క్షణం నుంచి ఉలిగమ్మ ఆమెకు సొంత అవ్వ అయిపోయింది. తనే గంజి తాగించింది. తనే తల దువ్వింది. చిన్నకొడుకు ఉండేది అమరాపురం అవతల పల్లెలో. అక్కడ ఫోను లేదు. బస్సు కండక్టర్ చంద్రప్పను బతిమాలి కబురు పంపింది.

“వాడొచ్చి గుక్కెడు నీళ్లు పోస్తే చాలు. పోతా.”

“పోయేదేంది? నా పెండ్లిలో పప్పన్నం తినకుండా పోనిస్తానా?”

రెండు రోజుల తర్వాత గేటు దగ్గర గొడవ.

ఇరవై ఏళ్ల కుర్రాడు. ఒళ్లంతా దుమ్ము. వాచ్‌మన్ తిమ్మరాజు వాడి చొక్కా పట్టుకున్నాడు.

“ఎవురు కావల్ల?” అడిగింది మల్లిక.

“ఉలిగమ్మ... అవ్వ... నమ్మ అవ్వ!”

మనవడు! మల్లికకు ఒళ్లు మండిపోయింది.

“మీ నాయన యాడ?”

“అప్ప... ఇల్ల.”

“ఇంట్లో కూచోని నిన్ను తోలినాడా? ఏలిముద్ర కావల్లేమో దొరగారికి! తిమ్మరాజన్నా, బయటికి నూకు!”

వాడు చేతులు జోడించాడు. సగం కన్నడం, సగం ఏడుపు. తిమ్మరాజు కర్ర ఎత్తాడు.

లోపల ఉలిగమ్మకు మాట పడిపోయింది. ఊపిరి ఎగబీలుస్తోంది.

“అవ్వా! అవ్వా!” గోడ అవతల నుంచి కేక.

ఉలిగమ్మ కళ్లు తెరిచింది. చెయ్యి కిటికీ వైపు చాచింది. చెంపల మీద నీళ్లు కారాయి.

“భయపడొద్దవ్వా. నేనుండా కదా! వాన్ని గడప తొక్కనీను.”

మల్లిక లేచి కిటికీ మూసేసింది.

చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, వాలిపోయింది.

సాయంత్రం చంద్రప్ప వచ్చాడు.

“ఏం సిస్టర్, చిన్నోడొచ్చినాడా? చెప్పంగానే ఏడ్చుకుంటా పరిగెత్తినాడే!”

“యాడొచ్చినాడన్నా! ముసలామె చూసి చూసి పాయె. ఎవుడో మనవడొచ్చినాడు, అవ్వా అవ్వా అని అరుచుకుంటా. తరిమేసినా.”

చంద్రప్ప ముఖం పాలిపోయింది.

“ఇరవై ఏండ్లోడా?”

“ఊ.”

“ముసలితనంలో పుట్టినోడు సిస్టర్. ఆమె పెద్ద మనవని కన్నా చిన్నోడు.”

మల్లికకు అర్థం కాలేదు.

“అవ్వా అన్నాడు కదన్నా?”

“ఆ పల్లెలో అంతా కన్నడమే,” అన్నాడు చంద్రప్ప మెల్లగా. “మనవళ్లు అజ్జీ అంటారు సిస్టర్. అవ్వా అని పిలిచేది అమ్మనే.”