పేరు లేని ప్రకటన

పత్రికాఫీసు కౌంటరు అద్దం కింద నుంచి పెద్దాయన కాగితం లోపలికి తోశాడు.

ప్రకటనలు తీసుకునే అమ్మాయి తలెత్తకుండానే అంది. "మళ్ళీ పేరు రాయలేదు తాతగారూ."

"అక్కర్లేదమ్మా."

"తప్పిపోయినవాళ్ళ ప్రకటన కదా. పేరు, వయసు, ఫోటో ఉండాలి. లేకపోతే ఎవరి కోసమో ఎలా తెలుస్తుంది?"

"చదివినవాళ్ళకి తెలుస్తుంది."

ప్రతి శనివారం ఇదే తంతు. కాగితం మీద అవే ముక్కలు.

'కన్నా, ఎక్కడున్నా ఇంటికి వచ్చేయి. నిన్నెవరూ ఏమీ అడగరు. ఇట్లు, నాన్న.'

ఆఫీసులో ఆయనకి శనివారం తాత అని పేరు పెట్టేశారు. కన్నకొడుకు పేరే మర్చిపోయాడని ప్రూఫులు దిద్దే ఆయన జోకులేస్తే అందరూ నవ్వేవాళ్ళు.

ఆ అమ్మాయి మాత్రం నవ్వేది కాదు. జాలితో కాదు, చిరాకుతో.

శనివారం వస్తే చాలు, ఆమె కాలు గాలిన పిల్లిలా తిరిగేది. ఆ నాలుగు ముక్కలూ టైపు చేస్తుంటే, 'నాన్న' దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు తడబడేవి.

ఆమె తండ్రి పాస్టరు. అమ్మని సమాధి చేసిన రోజు ఒక్క చుక్క కన్నీరు రాల్చకుండా గంటసేపు బైబిలు వాక్యం చెప్పాడు.

"మీ దేవుణ్ణి మీ దగ్గరే ఉంచుకోండి" అని ఆయనతో అనేసి, ఆమె సంచి భుజాన వేసుకుని వచ్చేసింది.

ఆరేళ్ళలో అయిదు గదులు మారింది. ఏ గదిలోనూ సామాను పూర్తిగా విప్పలేదు. ప్రార్థన సంగతి సరేసరి, చర్చి ఉన్న వీధి ఎదురైతే చుట్టుదారిన వెళ్ళేది.

ఆ శనివారం ఆమెకి ఓపిక చచ్చిపోయింది.

"రాదలచుకున్నవాడు ఈపాటికి వచ్చేవాడు తాతగారూ. ఎందుకీ ఆరాటం?"

"తొంభై తొమ్మిది గొర్రెల్ని వదిలేసి తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళాడు కదమ్మా, బైబిల్లో కాపరి."

పాస్టరు కూతురికి ఆ కథ చెప్పడమా! నోరు జారింది.

"అది కథలో. మా ఇంట్లో కాపరి ఆ తొంభై తొమ్మిదింటి దగ్గరే ఉండిపోయాడు. తప్పిపోయింది బతికుందో చచ్చిందో కనుక్కోలేదు. ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదు."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆయనకి నీ చిరునామా తెలుసా తల్లీ?"

తెలియదు. ఆమె ఏ గది చిరునామా ఇంటికి రాయలేదు.

"అది మీకనవసరం. పేరు రాస్తే తీసుకుంటాను, లేకపోతే లేదు" అంది.

ఆయన కాగితం అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ఆమె చింపలేదు. టైపూ చేయలేదు. సంచిలో పడేసుకుంది.

మర్నాడు ఆదివారం, సెలవు. ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చింది. ఉతికిన బట్టలే మళ్ళీ నానబెట్టింది. కాగితం తీసి చదివింది, మడిచింది, మళ్ళీ తీసింది.

బట్టలు నీళ్ళలో ఉండగానే బస్సెక్కింది.

చేరేసరికి ఆరాధన అయిపోయింది. ఖాళీ చర్చిలో ఎవరో తల నెరిసిన మనిషి బెంచీలు సర్దుతున్నాడు. ఆయన వెనక్కి తిరిగేదాకా అది తండ్రేనని ఆమెకి తెలియలేదు.

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆ రోజు ఏడిస్తే మళ్ళీ లేవలేనని భయపడ్డానే అమ్మా" అన్నాడు. ఆమె ఏమీ అడగకముందే.

ఆమె పక్కన కూర్చుంది.

"నీ స్నేహితురాల్ని బతిమాలి గది ఎక్కడో తెలుసుకుని మూడుసార్లు వచ్చాను. వచ్చిన ప్రతిసారీ ఖాళీ చేసి వెళ్ళిపోయిందన్నారు."

ఆరేళ్ళ ఏడుపు ఇద్దరూ ఆ బెంచీ మీదే ఏడ్చారు.

తర్వాతి శనివారం ఆమె తొమ్మిదింటికే కౌంటరు తెరిచింది. పేరు లేకపోయినా ఫరవాలేదని చెప్పాలి. క్షమించమని అడగాలి. అన్నిటికంటే ముందు, వెళ్ళొచ్చానని చెప్పాలి.

ఆయన రాలేదు.

ఆ పై శనివారమూ రాలేదు.

పాత రసీదుల్లో చిరునామా వెతికి పట్టుకుని వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. ఒక ముసలామె ఇస్త్రీ మడతలు చెదరని చొక్కాలు మూటకడుతోంది.

"పదిరోజులైందమ్మా ఆయన పోయి" అంది. "ఎవరికైనా పనికొస్తాయని ఇచ్చేస్తున్నాను."

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"మామ్మగారూ, ఆ ప్రకటన ఇక నేను వేయిస్తాను. మీ అబ్బాయి ఎప్పటికైనా చూస్తాడు."

ముసలామె చేతిలో చొక్కా ఆగింది.

"వాడు కన్నుమూసి పన్నెండేళ్ళమ్మా."

"మరి... ప్రతివారం ఎవరికోసం?"

"నేనూ అడిగేదాన్ని. ఎవరి బిడ్డ చదివినా సరే అనేవారు."

ముసలామె మూట ముడి బిగించి, అటు తిరిగే చెప్పింది.

"మావాడు తప్పిపోలేదమ్మా, ఇల్లు వదిలి వెళ్ళినవాడు తిరిగే వచ్చాడు. వానలో తడుస్తూ నాన్నా అని పిలిస్తే, ఇక్కడ నీకెవరూ లేరు పొమ్మన్నది ఈయనే."