ఓటింగ్ అయ్యేదాకా

ఆశ్రమంలో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల గోడ వదిలేసి నాలుగడుగులు వేసింది. పుట్టిన ఈ ఎనిమిదేళ్లలో ఇదే మొదటిసారి.

"పెద్దమ్మా, చూశావా!"

ఆశ్రమం నడిపే పెద్దమ్మ చూసింది. పరుగున వచ్చి ఎత్తుకుని ముద్దులాడింది. ఆ వెంటనే కిటికీ మూసింది.

"నా బంగారు తల్లివి కదూ, ఓటింగ్ అయ్యేదాకా నిలబడకే. నువ్వు పాకే వీడియో చూసే జనం మనకి ఓట్లేస్తున్నారు. నడుస్తున్నావని తెలిసిందో, కొంప మునుగుతుంది."

ఆన్‌లైన్‌లో ఎక్కువ ఓట్లు వచ్చిన ఆశ్రమానికి, అది కోరిన వస్తువు ఒక కంపెనీ కొనిస్తుంది. ఒక ఫోన్‌కి రోజుకో ఓటు. బస్సులో వేలాడుతూ ఒకరు, కాఫీ చల్లారేలోపు ఇంకొకరు పిచ్చుక మొహం కింద నొక్కి, ఆ పూటకి పుణ్యం మూటగట్టుకునేవారు.

పిచ్చుక మాట తప్పలేదు. కాళ్లు పీకినా మంచం దిగలేదు. కంపెనీవాళ్లు ఓటింగ్ గడువు పెంచారు. మళ్లీ పెంచారు. వానలు వెళ్లి చలి వచ్చింది.

ఆశ్రమం గెలిచింది. లారీలో బహుమతి దిగింది. పట్టుకుని నడక నేర్చుకునే స్టీలు కమ్మీలు.

పెద్దమ్మ పిచ్చుకని వాటి మధ్య నిలబెట్టి చేతులు వదిలింది.

"ఇక నీ ఇష్టం తల్లీ, నడువు."

బిగుసుకుపోయిన మోకాళ్లు తిన్నగా సాగలేదు. పిచ్చుక కుప్పకూలింది. కమ్మీ పట్టుకుని లేవబోయి మళ్లీ పడింది.

"నాకు నడవడం వచ్చు కదా పెద్దమ్మా? నువ్వు చూశావు కదా?"

పెద్దమ్మ ఫోన్ పైకెత్తింది.

"కళ్లు తుడుచుకోకే. వచ్చే ఏడాది ఓటింగ్‌కి ఫొటో కావాలి."